ఎర్ర దీపం తనంతట తాను ఆరిన సాయంత్రం

మొన్న పొద్దున పప్పులోకి పోపు వేస్తుంటే ఫోన్ మోగింది. పోతిరెడ్డిపల్లి నుంచి అక్కయ్య. "మీ సార్ పోయిండు చెల్లె" అంది. ఏ సారని నేను అడగలేదు. మా ఇద్దరి మధ్యా సారంటే ఒక్కరే. ఆవిడ భర్త, మా ఫ్యాక్టరీ ఫోన్లు చూసిన ఇంజినీరు సారు. ఆవిడ ఆసుపత్రి సంగతులు చెబుతూనే ఉంది. పొయ్యి మీద ఆవాలు మాడి ఇల్లంతా ఘాటెక్కింది. కట్టేద్దామని కూడా తోచలేదు నాకు.

తొంభైల మొదట్లో నేను పటాన్‌చెరులో ఒక మందుల ఫ్యాక్టరీలో టెలిఫోన్ ఆపరేటర్ని. గేటు పక్కన చిన్న గది, గోడకు ఎక్స్ఛేంజ్ డబ్బా, నా ముందు దీపాల బల్ల. బయటి లైన్లు నాలుగే. లైన్ మీద మనిషి ఉంటే దాని ఎర్ర దీపం వెలుగుతుంది. ఫోన్ చేసినవాళ్లను ఆగమని చెప్పి, వాళ్లకు పాట వినబడేట్టు చేసి, కావలసిన మనిషిని షెడ్డులోంచి పిలిపించడం నా పని. వాళ్లు విసుగొచ్చి పెట్టేస్తే లైన్ ఖాళీ కావాలి, దీపం ఆరిపోవాలి.

ఊళ్లో టెలిఫోన్ వాళ్ల పెద్ద ఎక్స్ఛేంజ్ మారి కొత్తది వచ్చాక ఆ దీపాలు ఆరడం మానేశాయి. అవతలి మనిషి ఎప్పుడో పెట్టేసి తన పని తాను చూసుకుంటున్నా, మా డబ్బా మాత్రం ఇంకా ఉన్నాడనుకుని పాట వినిపిస్తూనే ఉండేది. మధ్యాహ్నానికి నాలుగు దీపాలూ ఎర్రగా ఉండేవి. బొంబాయి ఆఫీసు వాళ్లు ఎప్పుడు చేసినా ఎంగేజే. మేనేజరుగారు వచ్చి ఆ దీపాలనూ నన్నూ చూసి, ముచ్చట్లు పెట్టుకుని కూర్చుంటున్నానన్నారు. నాకు నోరెక్కువ. నాలుగు లైన్ల మీద ఒకేసారి ముచ్చట్లు పెట్టడానికి నాకేమన్నా నాలుగు నోళ్లున్నాయా అన్నాను. దాంతో ఇంకా చెడింది. శనివారం లోపల ఈ గోల ఆగకపోతే వేరే అమ్మాయిని పెట్టుకుంటామన్నారు. అప్పటికి మా ఆయన పనిచేసే ఫ్యాక్టరీ లాకౌట్‌లో ఉంది. ఇంట్లో పొయ్యి వెలిగేది నా ఉద్యోగం మీదే.

అప్పుడు వచ్చారు సారు. ఫోన్ డబ్బా అమ్మిన కంపెనీ పంపింది. చెప్పులు గది బయట విడిచి, కూజాలో నీళ్లు తాగి, నా ఏడుపంతా విన్నారు. తర్వాత రిసీవర్ చెవికి పెట్టుకుని కళ్లు మూసుకున్నారు. చాలాసేపు అట్లాగే ఉంటే నిద్రపోయారేమో అనుకున్నాను.

"డబ్బా తప్పు జేస్తలేదమ్మా. దానికి తెలుస్తలేదు" అన్నారు చివరికి.

అవతలివాళ్లు ఫోన్ పెట్టగానే పెద్ద ఎక్స్ఛేంజ్ మా లైన్లో కరెంటు ఒక్క క్షణం తెంపి కలుపుతుందట. మనిషి వెళ్లిపోయాడని మా డబ్బాకు అదే కబురు. పాతది తీరిగ్గా తెంపేది, కొత్తది రెప్పపాటులో కలిపేస్తోంది. అంత చిన్నదాన్ని లెక్కచేయవద్దని మా డబ్బాకు ముందే చెప్పిపెట్టి ఉంది. ఎంతసేపు తెగితే లెక్కో, ఆ గడువు తగ్గించాలి. మరీ తగ్గిస్తే గాలికి తీగ కదిలినా మాట మధ్యలోనే లైన్ పోతుంది. మొదటిసారి తగ్గించినప్పుడు పోయింది కూడా, మేనేజరుగారు ఢిల్లీతో మాట్లాడుతుండగానే. నా పని అయిపోయిందనుకున్నాను. సారు కంగారుపడలేదు.

ఇంటికి ఫోన్ చేసి భార్య సాయం అడిగారు. ఆవిడ పోతిరెడ్డిపల్లి నుంచి మాకు చేస్తుంది, నేను పాట మీద పెడతాను, ఆవిడ కాస్త విని పెట్టేస్తుంది. సారు వింటూ, తెగినప్పుడల్లా బల్ల మీద వేలితో తట్టి, గడువు ఒక పిసరు జరిపేవారు. మళ్లీ ఫోన్. వంట మధ్యలో ఉన్నట్టుంది, వెనక కుక్కర్ కూతలు. "ఇగ పెట్టెయ్యాల్నా, చెల్లె?" అని ప్రతిసారీ అడిగేది. పెట్టేయండి అక్కయ్యా అనేదాన్ని. ముఖం చూడకుండానే ఆ రోజు మేం అక్కచెల్లెళ్లమయ్యాం.

సాయంత్రం మేనేజరుగారిని పిలిపించారు. అక్కయ్యను పాట మీద పెట్టాక నాతో, "చేతులు ఒళ్లె పెట్టుకో అమ్మా. ఏం ముట్టకు" అన్నారు. నేనే ఏదో నొక్కానని రేపు ఎవరూ అనకుండా. ముగ్గురం ఆ ఎర్ర దీపం వైపే చూస్తున్నాం. అంత దూరాన వంటింట్లో ఒకావిడ ఫోన్ పెట్టింది. ఇక్కడ మా కళ్ల ముందు దీపం తనంతట తాను ఆరింది. మీకు ఇది చిన్న సంగతే అనిపించవచ్చు. కంటికి కనబడని ఆ రెప్పపాటును ఒక మనిషి చెవితో పట్టుకోవడం నేను చూశాను, ఇప్పటికీ తలుచుకుంటే ఆశ్చర్యం తీరదు.

మేనేజరుగారు ఇంకోసారి చూపించమన్నారు. ఇంకోసారీ ఆరింది. గిరుక్కున తిరిగి వెళ్లిపోయారు. నా నోరు ఊరుకుంటుందా, వెనకనుంచి ఒక మాట అనబోయాను. సారు చెయ్యి అడ్డం పెట్టారు. "ఇడిసిపెట్టమ్మా. ఆ సార్‌కు గూడ తెలుస్తలేకుండె, గంతే."

శనివారం వచ్చింది, పోయింది. ఫ్యాక్టరీ మూతపడేదాకా ఆ కుర్చీ నాదే. దసరాకు జమ్మి ఆకు చేతిలో పెట్టి దణ్ణం పెట్టడానికి వాళ్లింటికి వెళ్లేదాన్ని. సారు ఎవరితో మాట్లాడినా ముందు తను ఫోన్ పెట్టేవారు కాదు. ఎందుకని అడిగితే, అవతలి మనిషి ఇంకేమన్నా చెప్తారేమో అనేవారు. ఆ అలవాటు అక్కయ్యకూ వచ్చింది, నాకూ వచ్చింది.

మొన్న చెప్పాల్సినవన్నీ చెప్పాక అక్కయ్య అడిగింది.

"ఇగ పెట్టెయ్యాల్నా, చెల్లె?"

ఇంత నోరున్న నాకు, పెట్టేయండి అక్కయ్యా అనడానికి నోరు రాలేదు. ఆవిడా పెట్టలేదు. అటు వాళ్లింట్లో ఎవరో కుర్చీలు జరుపుతున్న చప్పుడు, ఇటు మా ఇంట్లో మాడిన ఆవాల వాసన. ఇద్దరం రిసీవర్లు చెవికి పెట్టుకుని అట్లాగే నిలబడి ఉన్నాం.