గేరు జారుతోందన్నాడు బావ

"గేరు జారతా ఉండాది" అని బావ మొదట అన్నప్పుడు, గేరుబాక్సు పోయిందనే అనుకున్నాం. వాషర్‌మెన్‌పేట్‌లో వాళ్ళ సందు మలుపులోనే కారు ఆగిపోయింది. వెనక వస్తున్న మూటల బండి బంపరుకు తగిలింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. కానీ బావ సొంత కారును టాక్సీగా తిప్పుతాడు, ఆ ఇంటికి వేరే ఆధారం లేదు. మెకానిక్ అంతా విప్పి చూసి, లోపల ఏ లోపమూ లేదని తమిళంలో తేల్చేశాడు.

"అట్లయితే నాబు జారతా ఉండాది" అన్నాడు బావ.

అది పూర్తిగా అబద్ధం కాదు. గేరు రాడ్డు కొసన ఉండే నాబు మీది తోలు, అరచెయ్యి ఆనేచోట నల్లరంగు పోయి నున్నబడింది. కుట్లు ఊడాయి. పైన అంకెల గాడుల్లో ఏటేటా ఆయుధపూజకు పెట్టిన కుంకుమ గట్టిపడి ఉంది. కొత్తది కొందామంటే వద్దన్నాడు. ప్లాస్టిక్కుది చెమటకు ఇంకా జారుతుందట.

అక్క నన్ను వంటింట్లోకి పిలిచింది.

"నువ్వే ఎట్నన్నా బాగుచేసి పెట్రా. ఆ పైన కూడా జారితే బండి అమ్మేస్తానని మీ బావ ఒప్పుకున్నాడు" అంది. గొంతు తగ్గించింది. "మొన్న ఒంటి చెప్పుతో ఇంట్లోకి వచ్చినాడు. రెండోది వీధిలోనే ఊడిపోయిందని తెలీనే లేదు."

బావకు షుగరు వచ్చి చాలాకాలమైంది.

నాబును తిప్పి ఊడదీసుకుని అరుగు మీద కూర్చున్నాను. పాత తోలును చిరగకుండా ఒలిచి, దాన్నే కొలతగా పరిచి, అక్క పాత హ్యాండ్‌బ్యాగు తోలు కత్తిరించాను. ఎండిపోయిన జిగురును ఉప్పుకాగితంతో, అదే శాండ్‌పేపరుతో, రుద్దుతుంటే బావ వచ్చి పక్కన కూర్చున్నాడు.

"రిటైరైనా నిన్ను పేపరు వదల్లేదు గదా బామ్మర్దీ!"

"మా పత్రిక కంటే ఈ పేపరే నయం బావా. తప్పు పోతే ఎవరూ ఫోన్ చేసి తిట్టరు."

"నేనుండాను గదప్పా తిట్టేదానికి. గట్టిగా రుద్దు. మీ అక్క దోసె పెనం తోమేది చూసినా నేర్చుకోవచ్చు."

తోలు బిగించి కుట్టేటప్పుడు ఒక అంచు పట్టుకోమన్నాను. కుడిచేత్తో పట్టుకున్నాడు. నా సూదికి అడ్డం వస్తోంది, ఎడమచేత్తో పట్టుకోమన్నాను. చెయ్యి మార్చాడు. బొటనవేలి మొదట్లో కండ కుంగి గుంట పడి ఉండటం అప్పుడే దగ్గరగా చూశాను. తోలు అతని వేళ్ళలోంచి జారింది. సూది దారి తప్పి అతని చూపుడువేల్లో దిగింది. రక్తం బొట్టు తేలింది. బావ మాత్రం ఎదురింటి ముందు ఆగిన ఆటోవాడు బేరమాడే తీరు గురించి ఏదో హాస్యం చెబుతూనే ఉన్నాడు.

నేను గుడ్డతో తుడిచాను. అప్పుడు చూసుకున్నాడు. ఆ హాస్యం ఇక పూర్తిచేయలేదు.

జిగురు ఆరాక నాబు బిగించాను. కొత్త తోలు గరుకుగా, పట్టుకు బాగా ఉంది. బావ ఇంజను ఆన్ చేయకుండానే క్లచ్ తొక్కి, ఎడమచెయ్యి నాబు మీద వేశాడు. ఫస్టు గేరు పడింది. అది అరచేత్తో ముందుకు తోస్తే చాలు. సెకండుకు వెనక్కి లాగాలి, వేళ్ళు బిగియాలి. వేళ్ళు తోలు మీదినుంచి జారి అతని ఒళ్ళో పడ్డాయి. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ జారాయి. మూడోసారి భుజం కూడా కదిపి లాగాడు. నాబు ఉన్నచోటే ఉంది.

అక్క గడపలో నిలబడి చూస్తోంది.

"నాబు బాగుండాది" అన్నాడు బావ, నా వైపు చూడకుండా. తర్వాత అక్కతో అన్నాడు: "ఆ మూలింటాయన బండి అడగతా ఉన్నాడు గదా. రమ్మను."

అమ్మేద్దామని ఇన్నాళ్ళూ పోరిన అక్క కారు దగ్గరికి వచ్చి కిటికీ పట్టుకుంది.

"ఇంకొక తూరి చూడరాదా" అంది.

బావ కుడిచేత్తో తలుపు తీసుకుని దిగాడు.