పడితే లేవొద్దు

శుక్రవారం, పొద్దున ఆరున్నర. ఒమన్‌లోని బర్కాలో నేను పనిచేసే తోటకు అక్కడి ఆస్పత్రిలో పనిచేసే మన తెలుగు నర్సమ్మ తన భర్తను తీసుకొచ్చింది. ఎద్దుల ముందు పరుగెత్తే పండుగకని ఆయన స్పెయిన్ వెళ్తున్నాడు. టికెట్ తీశాడు, ఆ పరుగులో వేసుకునే తెల్లబట్టలు, ఎర్ర రుమాలు కొన్నాడు. తోట యజమాని అర్బాబు పోటీలకు పెంచే ఎద్దును మేపేది నేనే కదా.

"మా ఆయనకి కాస్త జాగ్రత్తలు చెప్పండి బాబాయ్," అంది.

"పడితే లేవొద్దు. పండుకున్నోన్ని ఎద్దు దుంకి పోతది, లేసినోన్ని కుమ్ముతది. నాకంటే ముందు దీన్ని మేపినోడు లేవబోయి పక్కబొక్కలు ఇరగ్గొట్టుకున్నడు," అన్నాను.

"పడుకోడమేగా? అందులో నన్ను మించినోడు లేడండి," అని ఆయన నవ్వాడు.

"అయితే ఇప్పుడే పండు."

ఆయన ఇసుకలో బోర్లా పడుకున్నాడు. ఎద్దును తాడు బిగించి పట్టుకుని పది అడుగుల దూరంలో నడిపించాను. గిట్టల చప్పుడు వినగానే లేచి కంచె దాకా పరుగెత్తాడు. మూడుసార్లు పడుకోబెట్టినా అంతే. నర్సమ్మ నవ్వలేదు.

"పో, కానీ కంచె అవతల నిలవడి చూడు. నువ్వు పండలేవు," అన్నాను.

ఆయన చాలాసేపు మోకాళ్ల ఇసుక దులుపుకున్నాడు. తర్వాత జేబులోని ఎర్ర రుమాలు తీసి భార్య చేతిలో పెట్టాడు.

ఆ పొద్దున అక్కడున్నది నర్సమ్మ, ఆమె భర్త, నేను, ఎద్దు; ఆయన పరుగు ఇంకెవరూ చూడలేదు.