ఖాళీ అని రాసిన చోట

అది 1963. సిరిసిల్లలో ఒక చేనేత సంఘంలో డిజైన్లు గీసే పనికి కుదిరి ఏడాది అయింది. చీర అంచు మీద వచ్చే బొమ్మను ముందుగా గళ్ల కాగితం మీద వేస్తాం. దాన్ని గ్రాఫ్ అంటాం. నలుపు నింపిన గడి దగ్గర పోగు పైకి లేవాలి, నింపని చోట కిందే ఉండాలి. నేతగాడితో మాట్లాడే పని ఉండదు, కాగితం పంపితే చాలు. నలుగురిలో నోరు విప్పలేని నాకు ఆ ఉద్యోగం అందుకే నచ్చింది.

ఒకరోజు మా కార్యదర్శి పిలిచి, "చూడు బిడ్డా, గీ మామిడి పిందెలు మా అవ్వ పెండ్లి నాటి నుంచి చూస్తున్న. పున్నం దాక కొత్త అంచు తే. లేకుంటే డిజైన్లకు వేరే మనిషెందుకని కమిటీ అడుగుతది" అన్నారు.

కొత్తది ఎక్కడ దొరుకుతుంది? ఏదో పత్రికలో ఆధునిక చిత్రం ఒకటి చూసి డైరీలో అంటించుకున్నాను. పెద్ద తెల్లటి జాగాలో మూడు నల్లని గళ్లు, అంతే. అర్థం కాలేదు, వదలబుద్ధీ కాలేదు. ఆ వారమే మా ఇంట్లో అవ్వతో కలిసి వెళ్లి గారడీ ఆట చూశాను. గారడీ ఆయన నల్ల రుమాలును మడుస్తూ పోయాడు. మడత మడతకూ అది చిన్నదై, చివరికి అరచేయి మాత్రం మిగిలింది. "అంగీ చేతిల దాసిండు దొంగోడు" అంది అవ్వ. నాకు ఆ అరచేయే కళ్లలో నిలిచిపోయింది.

నల్ల గళ్లు అంచు నుంచి లోపలికి వస్తూ చిన్నవై మాయమయ్యేట్టు గీశాను. కాగితం మీద అవి మాయం కాలేదు, ఊరికే చిన్నవయ్యాయి. ఏం చేయాలో తోచక వరుసల మధ్య 'ఇక్కడ ఖాళీ' అని రాసి పంపేశాను. అక్కడ బొమ్మ వద్దు, మామూలు నేత చాలని నా ఉద్దేశం.

నమూనా నేసింది మల్లయ్య మామ, సంఘంలో అందరికన్నా పాత నేతగాడు. మగ్గానికి రీడ్ ఉంటుంది, దువ్వెన లాంటి పన్నె. నిలువు పోగులు దాని సందుల్లోంచి వస్తాయి. మామ ఆ సందుల్నే ఖాళీగా వదిలేశాడు. గుడ్డ దిగేసరికి గళ్ల మధ్య నిలువు పోగే లేదు. కింద పెట్టిన నా చేయి కనిపిస్తోంది.

"ఇదేంది మామా?"

"ఖాళీ అని నువ్వే రాస్తివి గద. ఖాళీ పెట్టిన. ఇంకేం ఖాళీ ఉంటది?"

కార్యదర్శి దాన్ని కిటికీ వెలుగుకు పట్టి, "జల్లెడ నేసినవా మల్లన్నా? గిది అమ్మితే ఆడోళ్లు నన్ను తంతరు" అన్నారు. నవ్వి, మళ్లీ తిప్పి చూశారు. చాలాసేపు చూశారు. "గిది తప్పా, డిజైనా? నువ్వు చెప్పు బిడ్డా."

డిజైన్ అంటే అబద్ధం. తప్పు అంటే మామ మీద పడుతుంది. "నాకు తెల్వది సార్. నేను గీసింది గిది కాదు. కాని నాకు కావల్సింది గిదే" అన్నాను.

"పరేషాన్ చెయ్యకు. ఇంకోటి గిట్లనే వస్తదా మల్లన్నా?"

"ఏమో, చెయ్యి ఎట్ల పోతే అట్ల ఇడిసిన. ఎన్ని సందులో యాది లేదు."

ఇద్దరూ నా వైపు చూశారు.

పోగులు లెక్కించే భూతద్దం పట్టుకుని మూడు రోజులు కూర్చున్నాను. ఒకచోట రెండు సందులు, తర్వాత మూడు, మళ్లీ రెండు, ఆ పైన ఐదు. ఏ వరుసా లేదు. వరుసగా సర్ది నేయిస్తే గుడ్డ చప్పబడిపోయింది. చివరికి ఉన్నది ఉన్నట్టే గ్రాఫ్ మీదికి ఎక్కించాను. పున్నమికి ఒకరోజు ముందు కొత్త నమూనా అచ్చం మొదటిదానిలా దిగింది. కమిటీ నన్ను ఉంచుకుంది. డిజైన్ కార్డు మీద ఇద్దరి పేర్లూ రాస్తానంటే మామ ఒప్పుకోలేదు. "రేపు ఎవరన్న చిరిగిందని వస్తే నువ్వే జవాబు చెప్పుకో" అన్నాడు.

అప్పటి నుంచి కాగితం మీద ఏ మాట రాసినా మగ్గం దగ్గరికి వెళ్లి, ఇది మీకు ఎలా అర్థమైందని అడుగుతున్నాను. తప్పులు తగ్గాయి. అలా అడిగినందువల్ల ఎన్ని మంచి అంచులు పుట్టకుండా పోయాయో మాత్రం నాకు తెలియదు.