ఒడిబియ్యంలో అడవినాభి

అడవినాభిని కుండీలో పెంచడం గురించి నేను నేర్చుకున్నది ఇంతే: వానకాలం నీళ్లు కావాలి, తీగ ఎండిపోయాక మళ్లీ వానలు పడేదాకా ఒక్క చుక్క కూడా వద్దు. ఆదిలాబాద్ వైపు విలేకరిగా తిరిగిన రోజుల్లో చేల కంచెల మీద దాని పూలు చూశాను. రేకులు వెనక్కి విరుచుకుని, కింద పసుపు, పైన ఎరుపు, పొయ్యిలో మంట లేచినట్టు ఉంటాయి. ఒక రైతు తన కంచెలోంచి వేలెడంత గడ్డ తవ్వి ఇచ్చాడు.

"పువ్వు సూడు గని గడ్డ నోట్ల వెట్టకు సారూ, పాణం తీస్తది" అన్నాడు.

నోట్లో పెట్టే ఆలోచన నాకు లేదు. కరీంనగర్‌లో మా మిద్దె మీద కుండీలో పెట్టాను. మొదటి ఏడు తీగ వచ్చింది, పువ్వు రాలేదు. రెండో ఏడు చలికాలంలో కూడా ప్రేమగా నీళ్లు పోసి సగం గడ్డలు కుళ్లబెట్టాను. మూడో ఏటికి ఐదు గడ్డలు చేతికొచ్చాయి. ఈసారి పువ్వు చూడాల్సిందే అనుకున్నాను. మట్టి దులిపి, కుళ్లకుండా పసుపు పూసి, పేపర్‌లో చుట్టి, ఇంట్లో చల్లగా, పొడిగా ఉండే చోటు వెతికితే దేవుని అర్ర దొరికింది. పటాల కింద పెట్టాను. ఈ సంగతి మా ఆవిడకు చెప్పాననే ఇప్పటికీ నా నమ్మకం. చెప్పలేదని ఆవిడ నమ్మకం.

వైశాఖంలో మంథని నుంచి మా చెల్లె వచ్చింది. ఆమెకు ఒడిబియ్యం పోయాల్సిన ఏడు అది. ఆడబిడ్డను పీట మీద కూర్చోబెట్టి, పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, వక్కలు, ఐదు పసుపు కొమ్ములు అన్నావదినలు ఆమె ఒడిలో పోస్తారు. ఆ బియ్యాన్ని అత్తగారింట్లో ఐదోరోజు వండి ఇరుగుపొరుగును పిలిచి పెడతారు. నేను కూడా దోసిళ్ల నిండా పోశాను. ఎవరో ఫొటో తీస్తుంటే తల ఎత్తుకుని మరీ పోశాను.

చెల్లె వెళ్లిన మూడోరోజు అకాల వాన పడింది. మట్టి వాసనకు గడ్డలు గుర్తొచ్చి దేవుని అర్రలోకి పోయాను. పేపర్ ఉంది. గడ్డలు లేవు.

"గిండ్ల ఐదుండాలె, ఏవి?" అని మా ఆవిడను అడిగాను.

"పసుపు కొమ్ములా? ఒడిబియ్యంల పోస్తిమి గద. సరిగ్గ ఐదే ఉన్నయి, మల్ల దుకానం దాక ఎందుకని."

"అవి నాభి గడ్డలే!"

ఆవిడ ఖాళీ పేపర్‌ను అటూ ఇటూ తిప్పి చూసింది. "నాభి గడ్డలకు పసుపు రాసి దేవుని కాడ వెట్టెటోళ్లు ఎవలన్న ఉంటరా?" అని, తనే జవాబు చెప్పింది. "ఉంటరు. మా ఇంట్లనే ఉంటరు."

జిల్లా పేజీలో 'ఇంటిల్లిపాదికీ అస్వస్థత' అన్న శీర్షిక ఎన్నిసార్లు పెట్టానో. ఇప్పుడు దాని కింద మా చెల్లె ఊరు కనిపించింది. వెంటనే ఫోన్ చేశాను.

"చెల్లే, ఒడిబియ్యం వండిండ్రా?"

"ఇంక లే అన్నా."

"పసుపు కొమ్ములు ముట్టకుండ్రి."

ఆమె గొంతు తగ్గించింది. "అవి మా అత్త కాడున్నయి. నువ్వు జల్ది రా. ఫోన్ల ఒడిసేది గాదు."

పెద్దపల్లి దాకా ఒక బస్సు, అక్కడి నుంచి ఇంకొకటి. దారంతా ఏం జరిగి ఉంటుందోనన్న ఆలోచనే.

చెల్లె అత్తగారు వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చుంది. ముందు స్టీలు పళ్లెంలో నా గడ్డలు, కడిగి పెట్టినవి. ఒకటి విరిగి రెండు ముక్కలైంది. చెల్లె గడప దగ్గర తల వంచుకుని నిలబడింది.

"రా అల్లుడా. కోడలు ఒడిల విషం పోస్తివి, మల్లేం తెచ్చినవ్?"

"తప్పైంది అత్తమ్మా. ఎవలన్న తిన్నరా?"

"తిననిస్తనా? పొలంల పుట్టి పెరిగినదాన్ని. దంచుదామని ఒకటి ఇరిస్తే లోపల తెల్లగుంది. దుబాయిల ఉన్న నా కొడుక్కు వీడియోల సూపెట్టిన, నీ బావమరిది పెట్టిన సారె సూడు అని."

అందరూ క్షేమం. అక్కడితో దండం పెట్టి ఊరుకోవాల్సింది. కానీ నా కళ్లు విరిగిన గడ్డ మీదే ఉన్నాయి. మొలక ఒక్క కొస నుంచే వస్తుంది. ఆ కొస పోతే ఇక మొలవదు.

"ఏ కొసకు ఇరిచిండ్రు అత్తమ్మా?" అన్నాను.

అప్పుడు చెల్లె తల ఎత్తింది. "అన్నా! రెండు దినాల సంది నన్ను తల ఎత్తుకోకుంట జేసి, కొస అడుగుతున్నవా? మీ అన్నకు నువ్వంటే గిట్టదా అని వాడకట్టోళ్లు అడుగుతున్నరు!"

నాకు సిగ్గేసింది. మిద్దె మీది కుండీ నుంచి దేవుని అర్ర దాకా జరిగిందంతా చెప్పాను. పేపర్‌లో చుట్టిన దగ్గరికి వచ్చేసరికి అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తీర్పులో మాత్రం నవ్వు లేదు. శ్రావణంలో నేనూ మా ఆవిడా వచ్చి, వాడకట్టంతా చూస్తుండగా, అదే వాకిట్లో మళ్లీ ఒడిబియ్యం పోయాలి.

"పోస్తం. మరి గీ గడ్డలు తీస్కపోదునా?"

"ఒడిల వడ్డది వాపసు పోతదా? అవి మా కోడలియి."

పెరటి కంచె మొదట్లో నాతోనే పాతించింది. మొలక కొస పైకి ఉండాలని, చలికాలం నీళ్లు వద్దని చెప్పబోయాను. "పొలం గట్ల మీద మొలిచెదానికి నువ్వే నేర్పినవా?" అంది.

శ్రావణంలో వెళ్లేసరికి ఆ కంచె నిండా పూలే. మూడేళ్లు నేను ఎదురుచూసిన పువ్వు పరాయి పెరట్లో, ఎవరూ పట్టించుకోకుండానే పూసింది. మా ఆవిడ తెచ్చిన పసుపు కొమ్ములను అత్తమ్మ అందరి ముందూ ఒక్కొక్కటే గోటితో గీకి, వాసన చూసి, అప్పుడు గానీ బియ్యంలో వేయనివ్వలేదు. వచ్చిన ఆడవాళ్లలో ఒకామె ఆ పూలేమిటని అడిగింది.

"మా అన్న పోసిన ఒడిబియ్యమే గవి" అంది చెల్లె, తల ఎత్తుకుని.

తీగలు ఎండిపోయాక అత్తమ్మ కబురు పెట్టి పిలిపించింది. చిన్న గుడ్డ మూట నా చేతిలో పెట్టింది.

"వాపసు గాదు. నువ్వు పోసినయి ఒట్టిపోయినయి. గియ్యి మా ఇంట్ల కొత్తగ పుట్టినయి."

నిజమే. ఏటా పాత గడ్డ వాడిపోయి, కొత్త గడ్డలు పుడతాయి. అది నాకు తెలుసు, కానీ ఆ లెక్కన గడ్డలు అడగవచ్చని తోచలేదు. బస్సులో మూట విప్పి చూశాను. ఏడు గడ్డలు. అన్నిటికీ పొయ్యిలోని బూడిద పూసి ఉంది.