కిందినుంచి చదివే మనిషి

బంటుమిల్లి నాంచారయ్య నెట్ సెంటర్‌లో కూర్చుంటే ఏ పేజీనైనా కిందినుంచి చదువుతాడు. రాసిందెవరు, ఎప్పుడు రాశారు, చివర ఏమైనా అమ్ముతున్నారా అని చూశాకే పైకి వస్తాడు. రొయ్యల చెరువులకు మందులమ్మే ఏజెంట్ల మాటలు నమ్మి ఒక పంట పోగొట్టుకున్నాక అబ్బిన అలవాటది. ఇంగ్లీషు నెమ్మదిగానే చదువుతాడు, తెర మీద వేలు పెట్టి, పెదవులు కదుపుతూ.

ఒకరోజు బందరు నెట్ సెంటర్‌లో బావమరిది వాసు ఒక పేజీ తెరిచి చూపించాడు. మూలికల పొడితో మూర్ఛ నయమవుతుందనీ, ఇంగ్లీషు మందులు వెంటనే ఆపేయాలనీ ఉంది. నాంచారయ్య కూతురు దివ్యశ్రీకి ఫిట్స్ వస్తాయి. మాత్రలు వేసుకుంటే బళ్లో నిద్రపోతోంది.

"ఇంతమంది తగ్గిందని రాశారు కదా బావా!" అన్నాడు వాసు.

నాంచారయ్యకూ ఆశ పుట్టింది. అయినా కిందికి జరిపాడు. డాక్టరు పేరెక్కడా లేదు; పొడి డబ్బా బొమ్మ మాత్రం ఉంది.

"అమ్మేవాడే సాక్ష్యం చెబుతున్నాడు వాసూ," అని ఒక వైద్య కళాశాల పేజీ వెతికాడు. మాత్రలు హఠాత్తుగా ఆపితే ప్రాణానికే ముప్పు రావచ్చని అక్కడ ఉంది. రెండు పేజీలూ ప్రింటు తీయించి, దివ్యశ్రీని చూసే డాక్టరుగారి ముందు పెట్టి, బళ్లో నిద్రపోతున్న సంగతీ చెప్పాడు.

"ఆపకండి. నిద్ర సంగతి నాకు ముందే చెప్పాల్సిందండీ," అంటూ ఆయన మోతాదు మార్చారు.

నెల తిరిగేసరికి, క్లాసులో కబుర్లు చెబుతోందని దివ్యశ్రీని బెంచీ ఎక్కించారు. ఆ సంగతి నాంచారయ్య ఊరంతా చెప్పుకుని మురిసిపోయాడు.