నాలుగో చరణం దగ్గర ఆగే మోటారు

తార్నాకలో నాకు తెలియని మనిషి లేడు. నేను తెలుసని ఒప్పుకునేవాళ్లు తక్కువ, అది వేరే సంగతి. లాలాగూడలో మొరాయించిన రైలింజనును ఒక్క దగ్గుతో కదిలించానని చెబితే ముగ్గురు నమ్మారు. దానియేలన్న ఆ ముగ్గురిలో లేడు.

డిగ్రీ రెండో ఏడాదిలో నేను చదువు మానేసినప్పుడు యూనివర్సిటీ కూలిపోతుందనుకున్నాను. కూలలేదు. దానియేలన్నలాంటి వాళ్లు ఉండబట్టే అంటాను. ముప్పై ఏళ్లుగా అక్కడి నీటి పరీక్షల ల్యాబులో ఆయన అటెండరు. చెరువుల మీదికి వెళ్లే ఫైబర్ పడవనూ, దాని వెనక తగిలించే పాత మోటారునూ ఆయనే చూసుకుంటాడు.

నరసాపురం వైపు మనిషి. మోటారు ఆరోగ్యాన్ని కీర్తనతో కొలుస్తాడు. ల్యాబు వెనక నీళ్ల డ్రమ్ములోకి మోటారును దించి, తాడు లాగి, ఏడు చరణాల కీర్తన ఒకటి ఎత్తుకుంటాడు. పాట పూర్తయ్యేదాకా మోటారు ఆగకపోతేనే పడవ చెరువుకు వెళ్లాలి. ఒకసారి నేను వెక్కిరిస్తే నెమ్మదిగా చెప్పాడు.

“మా తమ్ముడు ఫిలిప్పు ఉండేవాడురా. ఒక్క లాగుడుకే స్టార్టయింది కదా, ఎక్కెయ్యరా అన్నాను. నడి గోదాట్లో ఆగిపోయింది. మూడో రోజున దొరికాడు.”

ఆ తర్వాత ఆయన పాడుతుంటే నేను నవ్వలేదు.

మొన్న సెప్టెంబరు వానల్లో మోటారు మొండికేసింది. పది లాగుళ్లకు గాని అందుకోదు. అందుకున్నా సరిగ్గా నాలుగో చరణం దగ్గర దగ్గి ఆగిపోతుంది. కొత్త పెట్రోలు పోశాడు. కార్బ్యురేటర్ విప్పి కడిగాడు. ప్లగ్గు తీసి చూస్తే నిప్పురవ్వ వస్తూనే ఉంది. మళ్లీ లాగాడు. మళ్లీ నాలుగో చరణమే.

“అన్నా, దీనికి మూడు చరణాలే వచ్చినట్టున్నది. కడమయి నువ్వే నేర్పాలె,” అన్నాను.

ఆయన మళ్లీ స్పానర్ అందుకున్నాడు. మర్నాడు ఆ పడవలో వెళ్లాల్సింది ఆయన కూతురు రెబెకా. ఆ ల్యాబులోనే పరిశోధన చేస్తోంది. పెద్ద వాన వెలిసిన మర్నాడే నగరం అంచున ఉన్న చెరువు నడుమ నీళ్లు పట్టాలి; తప్పితే ఏడాది శ్రమ పోయినట్టే. చెరువేమో నిండి అలుగు దూకుతోంది.

సాయంత్రం కొత్త ప్లగ్గు బిగించాడు. మోటారుకు గొట్టంతో తగిలించే విడి ట్యాంకులో పెట్రోలు పోసి, ఇంకా పోయాల్సి వస్తుందేమోనని మూతను ఊరికే పైన ఆనించాడు. రెండో లాగుడుకే అందుకుంది. ఏడు చరణాలూ నడిచింది. ఆయన కళ్లు తుడుచుకుని, “ప్లగ్గేరా ముఖేషూ,” అన్నాడు. రాత్రిపూట ల్యాబులో పెట్రోలు ఉంచనివ్వరు కాబట్టి ఎప్పటిలాగే ఎర్ర ట్యాంకును ఇంటికి మోసుకెళ్లి ముందుగదిలో మంచం కింద పెట్టాడు.

పొద్దున్నే ముగ్గురం పడవెక్కాం. పడవ నిలకడకు బరువు కావాలని నన్ను పిలిచారు. నా చదువు చూసి పిలిచారని నేను ఊళ్లో చెప్పుకున్నాను. పడవ ఊగితే పెట్రోలు ఒలుకుతుందని దానియేలన్న ట్యాంకు మూత గట్టిగా బిగించాడు.

చెరువు నడుమ రెబెకా మొదటి సీసా నింపింది. ఒడ్డున తాడు లాగినప్పటి నుంచీ దానియేలన్న పెదవులు కదులుతున్నాయి. మూడో చరణం అయింది. నాలుగో చరణంలో మోటారు దగ్గింది, ఆగింది.

అప్పుడు వినబడింది అలుగు హోరు. అంతదాకా మోటారు మోత దాన్ని కప్పేసింది.

“నాన్నా, జరిగిపోతున్నాం,” అంది రెబెకా.

గట్టు మీది తుమ్మచెట్టును గురి పెట్టుకుని చూశాను. చెట్టు వెనక్కి పోతోంది. తెడ్డు అందుకుని ఎంత వేసినా పడవ అలుగు వైపే జారుతోంది. గోదావరిని ఒంటిచేత్తో ఈదానని చెప్పిన నోరు నాది. నాకు ఈత రాదు. లైఫ్ జాకెట్ బకిల్ నా పొట్టకు అందలేదు.

దానియేలన్న తాడు లాగుతున్నాడు. పది. పదిహేను. చెయ్యి కోసుకుని రక్తం వస్తోంది. “ఎక్కమన్నది నేనేరా ఫిలిప్పూ,” అంటున్నాడు. మా ఇద్దరినీ చూడటం లేదు.

రెబెకా ఆయన మణికట్టు పట్టుకుంది. “లాగకు నాన్నా. నిన్న ఏడు చరణాలూ నడిచింది కదా. నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారిందో చెప్పు.”

“ఏం మారలేదమ్మా. అదే ప్లగ్గు. అదే పెట్రోలు.”

“మూత బిగించలేదన్నా నిన్న,” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

ఆయన ట్యాంకు నుంచి మోటారుకు వెళ్లే గొట్టాన్ని తడిమాడు. పెట్రోలును పిండి పంపడానికి గొట్టం మధ్యలో ఉండే రబ్బరు బంతి, రసం పిండేసిన బత్తాయిలా అణిగిపోయి ఉంది. మూత వదులు చేశాడు. ట్యాంకు బుస్సుమని గాలి పీల్చుకుంది. బంతి మెల్లగా ఉబ్బింది. దాన్ని నాలుగుసార్లు పిండి తాడు లాగాడు. అందుకోలేదు. మళ్లీ లాగాడు. అందుకుంది.

ఒడ్డు చేరేదాకా మూత మీద నుంచి ఆయన చెయ్యి తియ్యలేదు. చేరాక దాన్ని తిరగేశాడు. పెట్రోలు తగ్గేకొద్దీ ట్యాంకులోకి గాలి రావడానికి మూతలో సన్నని రంధ్రం ఉంటుంది. అందులో మైనం. ఎర్ర మూతలో ఎర్ర మైనం కాబట్టి ఇన్నాళ్లూ కంటికి ఆనలేదు.

“మన క్రిస్మస్ కొవ్వొత్తి,” అంది రెబెకా. “సాయంత్రం ప్రార్థనలో కూర్చుంటే పెట్రోలు వాసన కొడుతోందని అమ్మ నెల నుంచీ గొణుగుతోంది. తనే పూడ్చి ఉంటుంది.”

దానియేలన్న గోటితో మైనం గీకేశాడు. “అమ్మకు తెలియనివ్వొద్దు,” అన్నాడు. “ఎక్కమన్నవాడి బతుకు ఎలా ఉంటుందో నాకు తెలుసు.”

ఇంటికి వెళ్లేసరికి శాంతమ్మ వదిన గుమ్మంలోనే ఉంది.

“మోటారు బాగా నడిచిందాండీ?”

“ప్లగ్గు కాస్త ఏడిపించింది. ఇప్పుడు బానే ఉంది.”

“ఆ చేతికేమైంది?”

“తాడు కోసుకుంది.”

మోటారు మళ్లీ అందుకునేసరికి అలుగు రెండు బారల దూరంలో ఉందని నేను ఊరంతా చెబుతున్నాను. నిజానికి పదిహేను బారలు. నేను చెప్పిన ఏ మాటా నమ్మని దానియేలన్న, ఈ మాట మాత్రం పక్కనే ఉండి విన్నా సరిదిద్దడు.

ట్యాంకు ఇప్పుడు నా గదిలో ఉంటోంది. ఆ మూతలోకి గుండుసూది దూర్చి చూసుకోకుండా నేను పడుకోను.