గుమ్మంలోంచి కనిపించే రంగు

"తెల్ల సోడా ఎందుకు తీసుకెళ్ళలేదంటావా? అది నీళ్ళలా ఉంటుంది కదే తల్లీ! మన చెరకు సారా కూడా నీళ్ళలాగే ఉంటుంది. వేళాకోళానికైనా ఎవడో ఒకడు కలిపేసేవాడు."

లోషా పిన్ని మొక్కజొన్న కంకులు ఒలుస్తూ చెబుతోంది. మా చియాపాస్ కొండల్లో వానాకాలం, పొయ్యి పక్కన తప్ప ఎక్కడా కూర్చోలేం.

పెళ్ళయిన కొత్తలో ఆమె భర్త మాత్యో పునీత సెబాస్తియన్ సేవకు ఒప్పుకున్నాడు. సేవంటే ఏడాది పొడవునా ప్రార్థనలు. ప్రతి ప్రార్థన తర్వాతా ఒకరు లేచి, అందరికీ వరసగా చిన్న గ్లాసుతో సారా అందిస్తారు. ఆ గ్లాసు వద్దంటే స్వామిని వద్దన్నట్టే. మాత్యో ఏనాడూ వద్దనలేదు. కొన్నాళ్ళకే చేతులు వణికాయి, వాంతిలో రక్తం పడింది. సేవ సాగితే మనిషి దక్కడు, మధ్యలో మానేస్తే ఊళ్ళో తలెత్తుకోలేడు.

"తాగలేనివాళ్ళకి మనలో ఒక దారుందిగా. గ్లాసు పెదాలకి ఆనించి, గరాటు పెట్టి సంచిలో సీసాలోకి వంపేసుకోవచ్చు. ఎవరూ తప్పు పట్టరు. గరాటు నేనే కొనిచ్చా. మహానుభావుడు, ఒక్క చుక్క ఒలకనీకుండా వంపుకున్నాడు. ఇంటికొచ్చే దారిలో గట్టుమీద కూచుని సీసా మొత్తం ఖాళీ చేశాడు!"

"మావయ్య వింటే ఉడుక్కుంటారు అత్తా" అంది పిన్ని కోడలు.

"ఉడుక్కోవడమా? నాకంటే ముందు ఆయనే చెప్పి నవ్విస్తాడు."

లోయలోంచి కూల్‌డ్రింకుల లారీ వచ్చిన రోజున లోషా తను నేసిన శాలువా ఒకటిచ్చి, ఒక పెట్టె నారింజ సీసాలు తీసుకుంది. నుదుటికి పట్టీ తగిలించి, ఆ పెట్టె వీపున మోసుకుంటూ సేవ జరిగే ఇంటికి నడిచింది. మగవాళ్ళు వరసగా కూర్చున్నచోట, పైన్ ఆకులు పరిచిన నేలమీద దాన్ని దించింది.

"'పెద్దయ్యా, మొక్కుకుని తెచ్చాను, మా ఆయన వంతొచ్చినప్పుడు ఇది పొయ్యండి' అన్నా. 'ఏం మాత్యో, పాలసీసా కూడా తెచ్చిందేమో చూసుకో' అన్నాడొకడు. అందరూ ఒకటే నవ్వు. ఆయన తల దించుకున్నాడు. పరువు తీశావని అక్కడే కొడతాడేమోనని రెండడుగులు వెనక్కి వేశాను."

అప్పుడు అందరిలోకీ పెద్దవాడు మాన్వెల్ ఒక సీసా మూత తీయించి, తొలి గ్లాసు తనే తాగాడు. ఇల్లు దద్దరిల్లేలా త్రేన్చాడు.

"'ఒంట్లో చెడంతా పోయిందిరా!' అన్నాడు. 'గ్లాసు అందరి దగ్గరికీ తిరిగిందా లేదా, అదీ స్వామి చూసేది. ఊఁ, మాత్యోకి పొయ్యి.'"

ఆ ఏడాదంతా ప్రతి ప్రార్థనకూ లోషా ఆ గుమ్మం దగ్గరే కూర్చుంది. సారా కలిస్తే రంగు పలచబడుతుంది, అంత దూరం నుంచీ తెలిసిపోతుంది.

"ఒక్కసారే పలచబడింది. నేను లేచి నిలబడేలోపే పెద్దయ్య ఆ గ్లాసు లాక్కుని నేలమీద పారబోశాడు. ఆయన పోయి ఎన్నేళ్ళయినా కొవ్వొత్తి వెలిగిస్తే ముందు ఆయన్నే తలుచుకుంటాను. ఆయన చలవే, నా పిల్లలకి తండ్రి మిగిలాడు. ఇక ఈ నారింజ నీళ్ళంటావా, ఇందులో పండెంతుందో దేవుడికే తెలియాలి. షుగరొచ్చింది, ముట్టుకోవద్దంది డాక్టరమ్మ. ముట్టుకోను. కానీ తిట్టమంటే మాత్రం నాకు నోరు రాదు."

ఇప్పుడు సేవ ఇంట్లో గ్లాసు అందించేది మాత్యోనే. పొద్దున ఒక కొత్త పెళ్ళికూతురు ఏడుస్తూ వచ్చి, లోషా చెవిలో ఏదో చెప్పి వెళ్ళింది. కంకులు పక్కకు నెట్టి లోషా లేచింది. మూల ఉన్న నారింజ సీసాల పెట్టె నా ముందుకు జరిపింది.

"ఇది మీ బాబాయికి అందించు తల్లీ. తలుపు పక్కన పచ్చ టోపీ కుర్రాడు కూచునుంటాడు, ఇవాళ్టినుంచి వాడికి ఇదే పొయ్యమను. చెవిలో చెప్పు, నలుగురికీ వినపడనీకు. తొందరగా పో, ప్రార్థన మొదలైపోతుంది."